భూమి వెయ్యని అక్షింతలు

మంగళవారం

...ఊపు ఆలస్యంగా వచ్చింది అని నిన్న రాసి ఆపేశాను గానీ, అది నిజం కాదు. ఊపు ఆలస్యంగా రాలేదు. అసలు రాలేదు. అక్షింతలు మాత్రం పడ్డాయి.

నిన్న పైల వాళ్ళ సుగుణ పెళ్ళి, ఈ సీజన్‌లో మొదటిది. నాలుగింటికి ముహూర్తం. మా పొగలంకలో ముహూర్తాలన్నీ నాలుగింటికే, ఎందుకంటే ఊపు వచ్చేది ఆ వేళకే. నాలుగవుతోందంటే ప్రతి ఇంట్లో అమ్మలు పొయ్యి మీంచి పాలు దించేసి, అద్దాల బీరువాకి వీపు ఆనించి నిలబడతారు. చిన్నపిల్లలు సరిగ్గా ఆ క్షణానికి గాల్లో ఉండాలని ఎగురుతూ ఉంటారు. నేల కింద ఒక్క కుదుపు. అంతే, పాలు మళ్ళీ పొయ్యి మీదకి. పెళ్ళి ఉంటే మాత్రం ఊరంతా పందిట్లోనే. వధూవరుల నెత్తిన జల్లెడ వేలాడుతుంది, నిండా అక్షింతలతో. ఊపు వచ్చిందంటే జల్లెడ కదిలి బియ్యం రాలుతుంది. మనుషులు వేసేవి ఆ తర్వాత. ముందు భూమి వెయ్యాలి.

నిన్న భూమి వేసిందని అందరూ చప్పట్లు కొట్టారు. గట్టిమేళం, పిల్లల గెంతులు, అంత గోలలో కాళ్ళ కింద కదిలిందో లేదో ఎవరు చూస్తారు? బియ్యం రాలింది, చాలు. నాన్న వెళ్ళి పంప్‌హౌస్ మీద పచ్చజెండా ఎత్తారు, ఇవాళ్టికి ఊపు అయిపోయిందని. ఊపు తెప్పించే పంపులు ఆ రోజుకి ఆగిపోయాయి.

అప్పుడు నేను మెట్ట మీద వినికిడి గదిలో ఉన్నాను. పదహారు నిండినవాళ్ళందరికీ తలో నెల వంతు వస్తుంది. ఇది నా నెల. సముద్రం అడుగున అతుకు వెంబడి మైకులు పెట్టారు, వాటిని వినడమే పని. స్కూల్లో ప్లేట్ బౌండరీ అంటాం, ఇంట్లో అతుకు అంటాం. రెండు పెద్ద రాతిపలకలు కలిసే చోటు. ఊపు వస్తే చెవిలో ముసలాయన దగ్గినట్టు ఉంటుంది. నిన్న దగ్గు లేదు. రొయ్యలు చిటపటలాడుతున్నాయి, అంతే.

ఇవాళ బొడ్డేపల్లి వాళ్ళ పెళ్ళి. అక్షింతలు పడ్డాయట. జెండా లేచింది. నా చెవుల్లో రొయ్యలు.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, స్కూల్ పలక మీద ఏం రాసినా మేడమ్‌కి వెళ్ళిపోతుంది, అదీ ఇంగ్లిష్‌లోనే రాయాలి. కాగితం మీద తెలుగులో రాస్తే మా క్లాసులో ఒక్కరూ చదవలేరు. నా ఒత్తులు చూస్తే తెలుగు వచ్చినవాళ్ళు కూడా చదవలేరు. మంచిదే.

ఎవరికైనా చెప్పొచ్చు కదా అంటే, చెప్పొచ్చు. గదిలో గోడకి ఎర్ర బటన్ ఉంది. నొక్కితే సైరన్ మోగుతుంది, ఊరంతా మెట్ట ఎక్కాలి, వినికిడివాళ్ళు సరేననేదాకా దిగకూడదు. ఒకప్పుడు ప్రసాదు బాబాయి తన నెలలో నొక్కాడు. తీరా చూస్తే అది తిమింగలం పాట. ఆయనకిప్పుడు బట్టతల, ఇద్దరు పిల్లలు. అయినా ఇప్పటికీ తిమింగలం ప్రసాదే. వాళ్ళ పెద్దాణ్ణి తిమింగలం పిల్ల అంటారు.

పైగా ఆదివారం మా అప్ప పెళ్ళి. అప్ప అంటే ఝాన్సీ, నా సొంత అక్క. సైరన్ మోగితే పెళ్ళి ఆగుతుంది. నేను పొరబడి ఉంటే, ఇక జన్మంతా...

నా పేరు సుధీర. ధైర్యం గలది అని అర్థమట. పెట్టేముందు నన్నెవరూ అడగలేదు.

బుధవారం

పెళ్ళికొడుకు వాళ్ళు దిగారు. ధనుంజయ్ బావది పడవలూరు. పడవలన్నీ కలిపి కట్టిన ఊరు, లోతు సముద్రంలో తేలుతూ ఉంటుంది. వాళ్ళ తాతలు గోదారి వాళ్ళు, మా తాతలు శ్రీకాకుళం వాళ్ళు. బావ రేవులో దిగి నాలుగడుగులు వేశాడో లేదో తాగినవాడిలా తూలి స్తంభం పట్టుకున్నాడు.

"ఇదేంటండీ మరదలుగారూ, నేల కదలట్లేదు?"

"నేల కదలదు బావా. కదిలితే భయపడాలి."

"ఆయ్, మాకు కదలకపోతేనే భయమండీ."

నాక్కూడా అంతే అని చెప్పాలనిపించింది. అతని సంచి అందుకుని నడిచాను.

మధ్యాహ్నం పందిట్లో కూర్చుని కొండ వైపు చూశాడు. "అటు నిప్పుల కొండ, ఇటు పగిలే సముద్రం. ఇంకెక్కడా చోటు దొరకలేదా మీ వాళ్ళకి?"

కొండ పేరు అడ్డపొగమ్మ అని చెప్పాను. మా మామ్మ చుట్టని నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది, దాన్నే అడ్డపొగ అంటాం. మా కొండా అంతే, నిప్పు లోపల, పొగ బయట. బావ పడీ పడీ నవ్వాడు. తర్వాత అసలు ఆ నిప్పెందుకుందని అడిగాడు. నేను రెండు చాపలు తెచ్చి పరిచాను.

"ఈ చాప మన కిందున్న ప్లేట్. అది పడమటి నుంచి వచ్చే ప్లేట్. ఏడాదికి గోరు పెరిగినంత జరుగుతుంది, మన దాని కిందకి దూరుతుంది. దూరేటప్పుడు సముద్రపు తడిని కూడా మోసుకుపోతుంది. బాగా లోతుకి పోయాక ఆ తడి వదిలేస్తుంది. తడి తగిలితే పైనున్న వేడిరాయి కరుగుతుంది. కరిగింది తేలిగ్గా ఉంటుంది కదా, పైకొస్తుంది. వచ్చి వచ్చి అడ్డపొగమ్మ అయింది."

"తడి తగిలితే రాయి కరగడానికి అదేమన్నా బెల్లమాండీ?"

"అలాంటిదే అనుకో."

"మరి మీ ఊపు?"

ఒక చాపని రెండో దాని కిందకి తోశాను. అంచు దగ్గర తట్టుకుని పైచాప ఉబ్బింది. బావ దాని మీద కూర్చుని "తొయ్యండి చూద్దాం" అన్నాడు. తోశాను. కదల్లేదు. గట్టిగా తోశాను. కదల్లేదు. కాళ్ళు గోడకి తన్నిపెట్టి తోసేసరికి సర్రున జారింది, బావ వెల్లకిలా పడ్డాడు. వంటింటి గుమ్మంలోంచి అప్ప కిసుక్కున నవ్వింది.

"ఇరుక్కుంటే ఇలా అవుతుంది. అందుకే ఇరుక్కోకుండా రోజూ అతుకులోకి పంపులతో నీళ్ళు ఎక్కిస్తాం. రోజంతా మెల్లగా జారుతుంది, చివర్లో ఒక్క కుదుపు. పంపులకి ఆవిరి అడ్డపొగమ్మే ఇస్తుంది. కుదుపు వచ్చేదాకా పంపులు ఆడతాయి, వచ్చాక ఆపేస్తాం..."

అక్కడ నా నోరు ఆగిపోయింది. వచ్చాక ఆపేస్తాం. వచ్చిందనుకుని ఆపేస్తే?

సాయంత్రం బావ కూడా ఇవాళ్టి పెళ్ళి చూసొచ్చాడు. "అంతా బాగుందండీ. ఒక్కటే అర్థం కాలేదు. ఆ జల్లెడకి సన్న వలదారం కట్టారెందుకూ? పొద్దస్తమానం వలలు అల్లేవాళ్ళం, మా కళ్ళకి దారమే ముందు కనపడుద్ది. గుంజ వెంట దిగి, చాప కింద నుంచి, మీ మామ్మగారి కాలి బొటనవేలి దాకా వెళ్ళింది. ఆవిడ కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతూనే వేలు ఆడించారండీ. మీ ఆచారమేమో అనుకున్నాను."

"ఆచారమే బావా" అన్నాను.

జల్లెడ కట్టడం మామ్మ వంతు. ఏ ఇంటి పెళ్ళైనా.

గురువారం

నాన్నకి చెప్పాలని పంప్‌హౌస్‌కి వెళ్ళాను. నాన్న పేరు సింహాద్రి, పంపుల పెద్ద. నూనె గుడ్డతో మరలు తుడుస్తున్నారు.

"నాన్నా, మూడు రోజుల నుంచీ నాలుగింటికి నాకేమీ వినపడట్లేదు."

"చెవి డబ్బాలు పాతవైపోనాయమ్మా. మార్పిస్తాను."

"రొయ్యలు వినపడుతున్నాయి."

"అయితే ఇంకేటి, పనిసేస్తన్నాయి." నవ్వారు. నేను నవ్వకపోయేసరికి గుడ్డ పక్కన పెట్టారు. "అక్షింతలు పడ్డాయి కదే. నాను కళ్ళారా సూసినాను. మనిసి అబద్దమాడతాడు గానీ, బియ్యం అబద్దమాడతాదా?"

బొటనవేలు గొంతుదాకా వచ్చింది. మింగేశాను. ఆయన మామ్మ కొడుకు కదా. పెళ్ళి సీజన్‌లో రోజూ ఊరంతటి ముందూ జెండా ఎత్తుతున్న మనిషి.

గదికి వచ్చి చెవులకి డబ్బాలు పెట్టుకున్నాను. దక్షిణం వైపు మైకుల్లో చిన్న చిన్న టిక్కులు ఉన్నాయి. ఉత్తరం వైపు ఎప్పుడూ ఒక గరగర ఉండేది, తలుపు కింద ఇసుక ఉన్నట్టు. అది లేదు. ఎంత వాల్యూమ్ పెంచినా లేదు. అక్కడ ఇరుక్కుంది. చాప మీద బావ కూర్చున్నట్టు.

వైరు ఊడిందేమోనని బల్లని పట్టుకుని కుదిపాను. ఇవాళ పొగలంకలో వచ్చిన ఊపు అదొక్కటే.

శుక్రవారం

మామ్మ పెరట్లో పొంగడాలు వేస్తోంది. నోట్లో చుట్ట, చేతిలో గరిటె.

"మామ్మా, నీ కాలి బొటనవేలు చూపించు."

"ఎందుకే? పసుపు రాస్తావేటి?"

చూపించింది. దారం ఒరిసిన గీత ఎర్రగా ఉంది. నేను దాన్నే చూస్తున్నాను, మామ్మ నన్నే చూస్తోంది.

"ఎవులు సెప్పినారు?"

"బావ."

"ఆ పడవలోడికి గెద్ద కళ్ళున్నాయే!" గరిటెతో నూనె కలిపింది. తనే మొదలుపెట్టింది. "కిందటేడు మన అప్పలకొండ కూతురు లగ్గానికి ఊపు సీకటడ్డాక వచ్చినాది, గుర్తుందా? అత్తోరు ఏటన్నారో తెల్సా? భూమి ఒప్పుకోనేదు, పిల్లలోనే ఏదో ఉందన్నారు. ఆ గుంట నా ఒళ్ళో పడి ఏడిసినాది. భూమికి ఆలీసమైతే ఆడపిల్లదేటే తప్పు? అందుకే ఈ యేడు కట్టినాను దారం. నిజం ఊపు ఎనకాల ఎలగూ వత్తాది, ఇది ముందు పడితే ఏటైపోద్ది అనుకున్నాను."

"వచ్చేదే మామ్మా, పంపులు ఆడుతూ ఉంటే. నీ బియ్యం పడగానే నాన్న జెండా ఎత్తేస్తున్నారు. పంపులు ఆపేస్తున్నారు."

గరిటె ఆగిపోయింది. పొంగడం ఒకటి నల్లబడింది. మామ్మ చుట్ట తీసి బూడిదలో గుచ్చింది. నాకు తెలిసి సగం కాల్చిన చుట్ట ఆవిడ ఎప్పుడూ పారెయ్యలేదు.

"ఎన్నాళ్ళనుండి?"

"లగ్గాలు మొదలైన దగ్గర్నుంచీ. ఉత్తరం వైపు ఇరుక్కుపోయింది. అది ఒక్కసారి జారితే సముద్రం కూడా లేస్తుంది."

"నీకు బయ్యంగా ఉందా?"

"ఊఁ."

"నాకూనే."

మామ్మకి భయం వేస్తుందని ఇన్నేళ్ళలో నాకు తెలీదు. విచిత్రం, అది విన్నాక నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"బటన్ నొక్కేస్తాను మామ్మా."

"నొక్కుదువు. ముందు ఒక మాటిను. సైరనంటే సగంమంది తిమింగలమని ముసుగుదన్ని తొంగుంటారు. మిగతా సగం సామాన్లు సర్దుకుంటా కూకుంటారు. అదే విందన్నావనుకో, ఒక్కడు మిగల్డు. పొద్దుగూకే యేలకి ఎవుడైనా కింద ఉంటే అప్పుడు నొక్కు."

నాన్నని పిలిపించి సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది. ఊరికంతటికీ వినేదాన్ని నేను, నాకు ఒక్క మాటా వినపడలేదు. నాన్న బయటికి వచ్చి నా వైపు చూడకుండా పంప్‌హౌస్‌కి నడిచారు. పంపులు మొదలయ్యాయి. నాలుగు దాటినా ఆగలేదు.

మామ్మ వీధిలోకి వెళ్ళి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఓలమ్మా, ఓలయ్యా, ఇనండి! అడ్డపొగమ్మ కల్లోకొచ్చినాది. మా మనవరాలి పెల్లి తన ఒళ్ళోనే సెయ్యమంది. ఈ పూట నుండే భోజనాలు మెట్ట మీద. ముసిలోల్లని మంచాలతో తెండి. పసిపిల్లల్ని ఉయ్యాలతో తెండి. మేకల్ని కూడా తెండి!"

"మేకలకి కూడా విందేటి తవుడమ్మత్తా?" అని ఎవరో అరిచారు.

"విందే మేకలురా!"

పొద్దుగూకేసరికి పైన కాలు పెట్టడానికి చోటు లేదు. బటన్ నొక్కే అవసరం రాలేదు.

ఆదివారం

నిన్న రాయడం కుదరలేదు. ఊరంతటికీ చట్నీ రుబ్బాను.

పందిరి సరిగ్గా వినికిడి గది పక్కనే వేశారు. కిటికీ తెరిచిపెట్టుకుని, ఒక చెవికి డబ్బా, ఒక చెవికి పెళ్ళి. ముహూర్తానికి ముందు మామ్మ లేచి నిలబడింది. జల్లెడ దారాన్ని అందరికీ కనపడేలా పైకెత్తి, కొడవలితో కోసేసింది.

"ఈ సీజనంతా అక్షింతలు భూమి ఎయ్యలేదు. నానే లాగినాను, కాలి ఏలితో. నాలుగింటికి పడాలని లాగినాను. అవి సూసి మావోడు పంపులాపేసినాడు. అందుకే మిమ్మల్ని పైకి తోలుకొచ్చినాను. తిట్టుకుంటే తిట్టుకోండి, గానీ ఎవులూ కిందకి దిగొద్దు."

సోమవారం పెళ్ళయిన సుగుణ మెల్లగా లేచింది. "అయితే మామ్మా, నా పెళ్ళయినట్టా, కానట్టా?"

"అయినట్టే, అయినట్టే!" వాళ్ళాయన కంగారుగా కొంగు పట్టుకుని కూర్చోబెట్టాడు. నవ్వులు లేచాయి. అందరూ నవ్వలేదు. పైల వాళ్ళ తాత ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. బొడ్డేపల్లి వాళ్ళు మామ్మ వైపు చూడటం మానేశారు. మామ్మ తల దించుకోలేదు, ఎత్తుకోనూ లేదు. పీట మీద కూర్చుంది.

నాలుగైంది. ఏమీ లేదు. ఐదు దాటింది. అప్ప మొహం చూడలేకపోయాను. అందరి కళ్ళూ పెళ్ళికొడుకు అమ్మ మీద ఉన్నాయి, ఈవిడేమంటుందోనని. ఆవిడ విసనకర్ర ఊపుకుంటూ అంది, "భూమిగారికి తీరికైనప్పుడే కానివ్వండి. మాకేం తొందరండీ? బోయినాలు బాగున్నాయి."

అప్ప ఏడుస్తూ నవ్వేసింది. బావ "నాకు తొందరేనండీ" అన్నాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు ఉత్తరం వైపు మైకులో చెరుకుగడ విరిచినట్టు ఒక చప్పుడు. తర్వాత గుంపుగా, వరసగా, చెరుకుతోట మొత్తం విరిగినట్టు.

నేను కిటికీలోంచి అరిచాను. "వస్తోంది! కూర్చోండి! పిల్లల్ని పట్టుకోండి!"

అంత గట్టిగా నేను ఎప్పుడూ అరవలేదు. అది నా గొంతేనా అని చూసుకునేలోపే మెట్ట లేచి పడింది. మామూలు ఊపు కాదు. నిలబడ్డవాళ్ళంతా కూలబడ్డారు. జల్లెడ తాళ్ళు తెగి, అక్షింతలన్నిటితో సహా వచ్చి బావ నెత్తిన బోర్లాపడింది. పందిరి గుంజ ఒకటి వంగింది. అడ్డపొగమ్మ నల్లటి పొగ ఉంగరం ఒకటి వదిలింది. నేల ఇంకా ఊగుతూనే ఉంది, బావ మాత్రం జల్లెడ టోపీ పెట్టుకుని సుఖంగా కూర్చున్నాడు. పొగలంకకి వచ్చాక అతను తూలకుండా ఉన్నది అప్పుడే. అప్ప మెడలో మూడు ముళ్ళూ వేసేశాడు. వల అల్లే చేతులు కదా, ఒక్క ముడీ జారలేదు.

ఆగాక అందరం కిందకి చూశాం. సముద్రం వెనక్కి పోయింది. రేవు అడుగంతా బయటపడింది, పడవలు పక్కకి ఒరిగి పడుకున్నాయి, చేపలు ఎగురుతున్నాయి. "ఏరుకొద్దాం" అని ఎవరో పిల్లాడు బయలుదేరితే వాళ్ళమ్మ జుట్టు పట్టుకుని లాగింది. తర్వాత నీళ్ళు తిరిగొచ్చాయి. పెద్ద అలలా కాదు, సముద్రమే నడిచి వచ్చినట్టు. చేపల వీధి, పాత పెళ్ళిపందిరి, మా వంటిల్లు, జెండా కర్ర, అన్నీ పోయాయి. అక్కడ మనిషి లేడు. మేక కూడా లేదు.

అమ్మ తన పాలగిన్నె గురించి ఏడ్చింది. అంత మంది క్షేమంగా ఉంటే గిన్నె గురించి ఏడవడం ఎంత బాగుంటుందో నాకిప్పుడే తెలిసింది.

రేడియోలో పడవలూరి వాళ్ళు దొరికారు. లోతు నీళ్ళలో వాళ్ళకి అలే తెలియలేదట. "పెళ్ళయిందా? భోజనంలో ఏం పెట్టారు?" అని అడిగారు.

ఇప్పుడు గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. ఉత్తరం వైపు గరగర మళ్ళీ వచ్చింది. ఆ చప్పుడు ఇంత ఇష్టమవుతుందనుకోలేదు. కానీ మధ్య మధ్యలో దబ్ దబ్ అని పడుతున్నాయి, ఇంకా సర్దుకుంటోంది. నీళ్ళు కూడా మళ్ళీ వెనక్కి లాగుతున్నాయి. ఇంకో రెండు మూడు సార్లయినా వస్తాయి.

బయట మూటలు కట్టుకుంటున్నారు. ఇళ్ళు చూసుకోవాలని, గిన్నెలు వెతుక్కోవాలని. పైల తాత అప్పుడే చెప్పులేసుకున్నాడు.

తలుపు కదులుతోంది. ఊపు కాదు, ఎవరో కొడుతున్నారు.

"సుధీరా." నాన్న గొంతు. "తలుపు తియ్యక్కర్నేదులే. జనం దిగిపోతామంటన్నారమ్మా. నాను ఆపినాను. మా అమ్మాయినడిగి సెప్తానన్నాను. అందరూ గుమ్మం ముందే నిలబడినారు. నీకేటి వినపడతంది?"

దిగొద్దు. ఈ రాత్రికి ఎవరూ దిగొద్దు. రాయడం తేలికే.

మళ్ళీ కొడుతున్నారు. ఈ కాగితాలు బల్ల కింద తోసేసి తలుపు తీస్తున్నాను. చెప్పులేసుకున్నవాళ్ళకి కూడా వినపడేలా చెప్పాలి